పందెపు సొమ్ము స్వామికి తగునా?

హైదరాబాదు నగరమున చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ అను మూడు పేటలు కూతవేటు దూరమున ఒకదానికొకటి పొరుగున నున్నవి. చిక్కడపల్లిలో శ్రీ వేంకటేశ్వరస్వామి ఆలయము కలదు. సంగీత సాహిత్య సభలకు పేరుగాంచిన త్యాగరాయ గానసభ కలదు. అశోక్‌నగర్ వైపున నగర కేంద్ర గ్రంథాలయము కలదు. జిల్లాలనుండి వచ్చిన యువతీయువకులు వేలసంఖ్యలో ఆ వీధులలోని ఇరుకు గదులయందు నివసించుచు, ప్రభుత్వోద్యోగముల పోటీ పరీక్షలకై ప్రొద్దుటినుండి రాత్రివరకు చదువుచుందురు. వారిలో కొందఱు శనివారము సాయంకాలమున పుస్తకములు మూసి స్వామి దర్శనమునకు వచ్చుచుందురు. వారి ముఖములలో అలసట యుండును, ఆశ యుండును.

అట్లు వచ్చిన యువకుడొకడు ఒక శనివారమున, దర్శనానంతరము, హుండీ యెదుట నిలిచి వెనుకాడుట చూచితిని. చేతిలో మడచిన నోట్లు కొన్ని యుండెను. చేయి ముందుకు సాచును, మరల వెనుకకు తీసికొనును. నేను చూచుచుంటినని గ్రహించి, సిగ్గుపడి, దగ్గరకు వచ్చి నమస్కరించి, "పెద్దలు మీరు, ఒక్క మాట చెప్పండి. పందెములో గెలిచిన సొమ్ము స్వామికి సమర్పింపవచ్చునా?" అని యడిగెను.

"ఎంత నాయనా?" అంటిని.

"320 రూపాయలు" అనెను.

నాకు నవ్వు వచ్చినమాట నిజము. లక్షలు పోగొట్టుకొని గృహములు అమ్ముకొనినవారి వార్తలు నిత్యము చదువుచున్న మనకు 320 రూపాయలు ఒక లెక్కయా? "వేయుము నాయనా, స్వామి అన్నియు ఎఱుగును" అని పంపివేయ నోటివరకు వచ్చినది. కాని, తెలియక అడుగుట వేఱు, లోలోన తెలిసి యడుగుట వేఱు. ఆ బిడ్డ ముఖమున రెండవది కనబడెను. అందుచేత అతనిని మండపమున కూర్చుండబెట్టి, సంగతి యంతయు వింటిని.

అతడును మఱి ముగ్గురు మిత్రులును అశోక్‌నగర్‌లో ఒకే గదిలో నుందురు. నలుగురును గ్రూపు పరీక్షలకు చదువుచున్నవారే. వారు గోల్ఫు ఆటపై పందెము కాయుచున్నారట! విని ఆశ్చర్యపడితిని. మన యిండ్లలో ఆ యాట పేరు తెలిసినవారే తక్కువ. పచ్చిక మైదానమున చిన్న తెల్లని బంతిని కఱ్ఱతో కొట్టి, దూరముననున్న గుంటలో వేయుటయే ఆ యాట. పెద్ద పోటీలు సాధారణముగ నాలుగు దినములు జరుగును. దినమునకు 18 గుంటల చొప్పున మొత్తము 72. అన్నిటికంటె తక్కువ దెబ్బలతో ముగించినవాడు విజేత. మన నగరమునను గోల్కొండ నయా ఖిల్లా చెంత ఆ క్రీడకు మైదానము కలదు. కాని యీ నలుగురిలో ఒక్కడైనను ఆ మైదానమున అడుగిడినవాడు కాడు.

"మఱి గోల్ఫే యేల?" అని యడిగితిని. అతడు తల వంచుకొని చెప్పెను. వారి గ్రామమున పొరుగింటి యువకుడు క్రికెట్టు పందెముల అప్పులలో చిక్కుకొని రెండెకరముల పొలము పోగొట్టెనట. అది కన్నులార చూచిన తండ్రి, కుమారుని నగరమునకు పంపుచు, ఇలవేల్పు పటము నెదుట నిలిపి, "పేక ముట్టను, క్రికెట్టు పందెము కాయను" అని ప్రమాణము చేయించెను. గదిలో మిత్రులు పందెమాడుదమనినపుడు ఇతనికి ఆ ప్రమాణము జ్ఞప్తికి వచ్చెను. అపుడొకడు, "మీ నాయన గోల్ఫు పేరు చెప్పలేదు కదా!" అనెను. నలుగురును నవ్విరి. ఆ నవ్వులో పందెము మొదలాయెను.

నియమము సులభము. వారమునకొక పోటీ. ఒక్కొక్కడు ఒక్కొక్క ఆటగానిని ఎన్నుకొని 20 రూపాయలు పెట్టును. ఎవని ఆటగాడు నలుగురిలో ముందు నిలుచునో వానికి మొత్తము 80 రూపాయలు. ఇరువది వారములు గడచెను. ఇతడు పెట్టినది 400. తొమ్మిది మారులు గెలిచి తెచ్చుకొనినది 720. మిగిలినది 320. "చిన్న మొత్తమే కదా, పైగా నలుగురి అంగీకారముతో జరిగినది. ఆటగాండ్ర బలాబలములు చదివి ఎన్నుకొంటిమి, గ్రుడ్డిగా కాదు. ఇందు దోషమేమి?" అని యతడే ప్రశ్నించెను. ఈ మూడు సమాధానములు అతనివి మాత్రమే కావు. పెండ్లివిడిదిలో పేక పఱచువారును, సంక్రాంతికి కోడిని దింపువారును, ఫోనులో వేలు కదపువారును చెప్పునవి ఇవియే. కావున వీనిని విచారించుట మనకందఱకును అవసరము.

పరీక్షలకు చదివినవాడగుటచేత అతడు చట్టము నెత్తెను. సికిందరాబాదు క్లబ్బు ఒకదానిలో రమ్మీ ఆడుటను గూర్చిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు 1967లో, రమ్మీ ప్రధానముగా నైపుణ్యముతో కూడిన యాట యని తీర్పు చెప్పినది. 1996లో గుఱ్ఱపు పందెములను గూర్చియు అట్లే నిర్ణయించినది. మలక్‌పేట మైదానమునకు పోవువారికి ఈ తీర్పు పెద్ద ఊరట. అయితే 2017లో తెలంగాణ ప్రభుత్వము తన జూద నిషేధ చట్టమును సవరించి, డబ్బు పణముగా ఒడ్డు ఆటలకు నైపుణ్యమను మినహాయింపును తొలగించినది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడు ఆన్‌లైను ఆటలను దేశమంతట నిషేధించుచు చట్టము చేసినది. చట్టము కాలమునుబట్టి మారును, మారవలెను కూడ. గదిలో నలుగురు మిత్రుల 20 రూపాయలను అది పట్టించుకొనక పోవచ్చును. పట్టుబడుదునా యను ప్రశ్నకు చట్టము బదులు చెప్పును. నేనేమగుచున్నాను అను ప్రశ్నకు ధర్మమే బదులు చెప్పవలెను.

మన ప్రాచీనులు ఈ విషయమును ఎంత సూక్ష్మముగ చూచిరో గమనింపుడు. మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయమున రెండు మాటలు వేఱు వేఱుగ కలవు. పాచికలవంటి ప్రాణములేని వస్తువులతో ఆడునది ద్యూతము. ప్రాణమున్నవానిని పోటీకి నిలిపి పణమొడ్డునది సమాహ్వయము. కోడిపందెము, గుఱ్ఱపు పందెము, మల్లుల పోరుపై పందెము, ఈ గోల్ఫు పందెము, అన్నియు సమాహ్వయములే. మనువు రెండింటిని నిషేధింపుమని రాజునకు చెప్పెను. కౌటిల్యుడు మాత్రము, నిషేధించినను చాటుగ ఆడుదురని తలచెనో యేమో, అర్థశాస్త్రమున వానిని అధ్యక్షుని కనుసన్నలలో జరిపించి, గెలిచినవాని సొమ్మునుండి నూటికి 5 వంతున తీసికొనవలెనని విధించెను. రెండువేల యేండ్ల క్రిందటనే నిషేధమా, నియంత్రణమా అను వివాదము మన దేశమున నుండెనన్నమాట. కాని పందెము మేలని ఇద్దరిలో ఒక్కరును అనలేదు.

సమాహ్వయము తెలుగుగడ్డకేమి చేసెనో పలనాడు చెప్పును. పండ్రెండవ శతాబ్దమున మాచర్ల చెన్నకేశవుని భక్తుడు బ్రహ్మనాయుడు. చాపకూటిలో అన్ని కులములవారిని ఒక్క పంక్తిని కూర్చుండబెట్టిన మహానుభావుడు. అట్టి పరమవైష్ణవుడును నాయకురాలు నాగమ్మతో కోడిపందెమునకు ఒప్పుకొనెను. ఓడినవారు ఏడేండ్లు రాజ్యము విడిచి పోవలెనని ఒడంబడిక. కోడి ఓడెను, మాచర్లవారు వలసపోయిరి, గడువు తీరిన పిదప రాజ్యమడుగ బోయిన రాయబారి అలరాజు చంపబడెను, కారెంపూడి నేల వీరుల నెత్తుటితో తడిసెను. కోళ్లు రెండును తమ స్వభావముననుసరించి పోరాడినవి. వానికి రాజ్యమేమి తెలియును? అపరాధము, వాని కాలికి తమ భాగ్యమును కట్టిన మనుష్యులది. భక్తి, వివేకము, ఔదార్యము మూడును కలవాడు కూడ జాఱగల మెట్టు ఇది యని తెలిసికొనుట మనకు చాలును.

"అది రాజ్యము, మాది 20 రూపాయలు కదా" అనెను యువకుడు. మంచి ప్రశ్న. పణము చిన్నదైనచో దోషము చిన్నది కాదా? నష్టము విషయమున అది నిజమే. నిప్పురవ్వయు దావాగ్నియు ఒక్కటే యనుట న్యాయము కాదు. 20 రూపాయలు ఒడ్డినవానిని ఇల్లు ఒడ్డినవానితో సమానముగ నిందించుట పెద్దఱికమనిపించుకొనదు. కాని పందెమున మనము ఒడ్డునది రూపాయలు మాత్రమేనా? ఈ ప్రశ్నకు అతనినోటనే సమాధానము వచ్చెను.

అమెరికాలో జరుగు పోటీల చివరి దినపు ఆట మనకు ఆదివారము రాత్రి మొదలై సోమవారము తెల్లవాఱుజామున ముగియును. అట్టి యొక రాత్రి నలుగురును ఫోను చుట్టు చేరి చూచుచుండిరి. మిత్రుడు ఎన్నుకొనిన ఆటగాడు మూడడుగుల దూరమునుండి బంతిని గుంటలో వేయవలసియుండెను. పసివాడైనను వేయగలిగినది. అతని చేయి వణికెను. బంతి అంచు తాకి ప్రక్కకు పోయెను. అతడు రెండుచేతులతో ముఖము కప్పుకొనెను. "అపుడు నేను చప్పట్లు కొట్టితినండి" అని యువకుడు చెప్పెను. చెప్పి కొంతసేపు ఊరకుండెను. "అతడెవరో నాకు తెలియదు. నా కేమి అపకారము చేసెను? ఆ పోగొట్టుకొనినవాని ముఖము చూచి సంతోషించితిని. 80 రూపాయలకు!"

పాఠకమహాశయులారా, ఆ రాత్రి అతడు ఒడ్డినది 20 రూపాయలు కాదు. పరుల దుఃఖమును చూచి కరగవలసిన హృదయమును ఒడ్డినాడు. పరుల బాధను తన బాధగా నెంచువాడే వైష్ణవుడని మనము చిన్ననాటినుండి వినుచున్నాము. ఆ లక్షణమును పోగొట్టుటకు లక్షలు అక్కఱలేదు, 20 రూపాయలు చాలును. విషము గరిటెడు త్రాగినను చెంచాడు త్రాగినను విషమే యనుటకంటె, ఇచట వేఱొకమాట చెప్పవలసియున్నది: ఇంత తక్కువ వెలకే నా మనస్సు అమ్ముడుపోయెనే యని భయపడవలెను.

ఆ గోల్ఫు చరిత్రయందే ఈ విషయమును వెలుగునకు తెచ్చు సంఘటన యొకటి కలదు. 1925లో అమెరికా ఓపెన్ పోటీ జరుగుచుండెను. బాబీ జోన్స్ అను క్రీడాకారుడు గడ్డిలోనున్న బంతిని కొట్టబోవుచు కఱ్ఱను దగ్గరకు చేర్చగా, బంతి రవంత కదలెను. చూచినవారెవ్వరును లేరు. అధికారులును తాము చూడలేదనిరి. జోన్స్ మాత్రము, బంతి కదలినది, నియమానుసారము ఒక దెబ్బ నా లెక్కలో కలుపుడని పట్టుబట్టెను. 72 గుంటలు ముగియునప్పటికి ఆయనయు విలీ మెక్‌ఫార్లేన్ అను ఆటగాడును సమానముగ నిలిచిరి. ఆ యొక్క దెబ్బ కలుపకున్నచో జోన్స్ అప్పుడే విజేత. మరల 18 గుంటలాడిరి, అపుడును సమానమే. మరల 18 ఆడగా ఒక్క దెబ్బ తేడాతో జోన్స్ ఓడిపోయెను. పోటీలలో పాల్గొన్నంతకాలము బహుమతి ధనము ముట్టక ఆడినవాడు ఆయన. తాను చేసినది పొగడదగిన పని యని కూడ తలపలేదు.

ఈ కథ చెప్పి, యువకుని ఒక ప్రశ్న అడిగితిని: "ఆ దినమున నీవు జోన్స్‌పై 20 రూపాయలు ఒడ్డి యున్నచో, ఆయన నిజము చెప్పినపుడు నీవేమి అనుకొందువు?"

అతడు చాలసేపు ఆలోచించి, "ఏల చెప్పెనయ్యా అనుకొందును" అనెను.

ఇదియే ఈ వ్యాసమున నేను చెప్పదలచిన సారము. ఒక మనుష్యుడు సాక్షి లేనిచోట సత్యము పలుకుట కంటె చూడదగిన దృశ్యము లోకమున ఏమున్నది? పందెము లేనివాడు దానిని చూచి చేతులు జోడించును. పందెము కాచినవాడు అదే దృశ్యమును చూచి విసుగుకొనును. కన్ను మారలేదు, దృశ్యము మారలేదు. నడుమ 20 రూపాయలు వచ్చి చేరినవి. పందెము మన ధనమును తీసికొనుటకు ముందే, ధర్మమును చూచి ఆనందించు శక్తిని తీసికొనుచున్నది. గెలిచినవానికిని ఈ నష్టము తప్పదు.

శ్రీమద్భాగవతము ప్రథమస్కంధమున పరీక్షిన్మహారాజు కలిని నిగ్రహించిన కథ మన మెఱిగినదే. వృషభరూపమున నున్న ధర్మదేవతకు నాలుగు పాదములలో మూడు విఱిగి, సత్యమను పాదము ఒక్కటే మిగిలియుండెను. శరణుజొచ్చిన కలికి నివాసమునకై రాజు జూదము, మద్యపానము, స్త్రీవ్యసనము, ప్రాణిహింస అను నాలుగు తావులను చూపెను. ఇంకను వేడగా బంగారమును చూపెను. కలికి నివాసములను చెప్పుటలో జూదమును మొదట చెప్పుటలో ఔచిత్యము కలదు. మిగిలియున్న ఆ యొక్క పాదమును, సత్యమును, జూదము మెల్లమెల్లగ కొఱుకును. ఎట్లందురా? ఈ యువకుని విషయమే చూడుడు. అతడు అబద్ధమాడలేదు. పేక ముట్టలేదు, క్రికెట్టు పందెము కాయలేదు. తండ్రికి ఇచ్చిన మాటలో అక్షరమంతయు నిలిచియున్నది. ప్రాణము మాత్రము పోయినది. తండ్రి కోరినది రెండాటల పేర్లు కాదు, కుమారుని క్షేమము. ఆయనకు గోల్ఫు పేరు తెలియకపోవుటను ఆసరాగ చేసికొనుట, నిరక్షరాస్యునిచేత పత్రముపై వేలిముద్ర వేయించుకొనుటవంటిది కాదా? ఈ మాట కొంచెము కఠినమైనదే. అయినను అతడు ఓర్చుకొని వినెను.

ఇక నైపుణ్యమను వాదము. ఆటలో నైపుణ్యమున్నది, సందేహము లేదు. కాని అది ఎవనిది? ఎండలో నాలుగు దినములు నడచి, ఏండ్ల తరబడి అభ్యసించిన చేతితో బంతిని కొట్టినవానిది. గీతాచార్యుడు మనుష్యునకు కర్మయందే అధికారము కలదనియు, ఫలమునందు లేదనియు బోధించెను. ఆ యాటగాడు ఎఱుగకయే ఆ బోధను ఆచరించుచున్నాడు: దెబ్బ అతనిది, గాలి అతనిది కాదు. పందెము కాచువాడు దీనిని తలక్రిందులు చేయుచున్నాడు. కర్మ చేయడు, ఫలము మాత్రము కోరును. మంచముపై కూర్చుండి, ఒకని చెమటకు తాను వెలకట్టును. ఎవని బలమెంతయో చదివి ఎన్నుకొనినంత మాత్రమున అది కృషి కాజాలదు. అంతటి శ్రద్ధయే పరీక్ష పుస్తకముపై పెట్టినచో అది కృషి యగును. సోమవారము నిద్ర చాలక, గ్రంథాలయమున చోటు దొఱకక మరలివచ్చిన దినములు ఎన్నియో అతడు లెక్కపెట్టి చెప్పెను. ఆ లెక్క 320 రూపాయలలో చేరలేదు.

"అయితే వ్యవసాయము కూడ పందెమే కదండీ. మా నాయన యేటేట వానపై పందెము కాయుచున్నాడు" అనెను. తండ్రి కష్టమెఱిగిన బిడ్డ మాట! కాని తేడా కలదు. వాన వచ్చునో రాదో యను సందేహమును రైతు సృష్టింపలేదు. అది లోకమున ముందే యున్నది, దానిని అతడు భరించుచున్నాడు. పందెగాడు లేని సందేహమును కొని తెచ్చుకొనుచున్నాడు. రైతునకు పంట పండినచో పొరుగువానికి ఎండవలసిన పని లేదు. పదిమందికి అన్నము పెరుగును. పందెమున నలుగురు తెచ్చినది 80, ఒకడు తీసికొనునది 80. గింజయైనను క్రొత్తగ పుట్టలేదు. ఒకని నవ్వు మఱియొకని జేబునుండి రావలసినదే. ఇక అంగడి పందెములలో నైతే నడుమవాడు తన భాగము ముందే తీసికొనును. సమానబలులైన ఇద్దఱిపై ఇద్దఱు చెఱి 10 రూపాయలు ఒడ్డినచో, గెలిచినవానికి 20 రాదు, 18 ఇత్తురనుకొందము. 10 రూపాయల చొప్పున 100 మారులు ఒడ్డినవాడు 1000 రూపాయలలో సగటున 100 పోగొట్టుకొనక తప్పదు. మిత్రులతో మొదలైన అలవాటు ఆ అంగడి గడపవద్ద ఆగునను హామీ ఎవరీయగలరు?

"స్వామికి మ్రొక్కు మ్రొక్కుటయు పందెము వంటిదే కదా? ఉద్యోగము వచ్చినచో తలనీలాలు ఇత్తునని నేనును మ్రొక్కితిని" అని యతడు మరల అడిగెను. ఈ ప్రశ్న మనలను కూడ తాకును. మ్రొక్కును బేరముగ చేయువారు లేకపోలేదు. కాని సరియైన మ్రొక్కులో ఓడువాడు ఎవడును లేడు. కోరిక తీరకున్నను కొండకు నడచి వచ్చువారు ఎందఱో కలరు. ఇచ్చిన తలనీలాలను తిరిగి యిమ్మని అడిగినవాడు ఒక్కడును లేడు. మ్రొక్కు తన్ను తాను ఇచ్చుకొనుట; పందెము ఎదుటివానిది తీసికొనుట. కోరిక తీరకున్న స్వామిపై అలుగువాడు మాత్రము తన మ్రొక్కును పందెముగ మార్చుకొనుచున్నాడు.

విభూతియోగమున భగవానుడు వంచించువానిలో ద్యూతము తానే యనెను కదా యని కొందఱు వాదింతురు. ఆ వాక్యము జూదమునకు అనుమతి కాదు. జూదమును వంచనల కోవలో చేర్చి చూపిన వాక్యము. మఱి తిరుమలలో హాథీరాంజీ బావాజీతో స్వామియే పాచికలాడెనను ఐతిహ్యము? 1843నుండి 1933వరకు తిరుమల ఆలయ పాలనము నిర్వహించిన మఠము ఆ మహనీయుని పేర వెలసినదే. ఆ కథను చెప్పుకొను విధములు పెక్కు కలవు. బావాజీ కోరినది స్వామి సాన్నిధ్యము, గెలుపు కాదు. వెలగల హారము ఆ గదిలో కనబడిన మరుక్షణమే అనుమానము, నింద, పరీక్ష వచ్చి పడినవి. గదినిండ చెఱకు పెట్టి ఒక్క రాత్రిలో తినుమని శాసింపగా, స్వామియే ఏనుగు రూపమున వచ్చి భక్తుని కాపాడవలసి వచ్చెను. ఆట దోషము కాదు. భగవంతుని సృష్టియే లీల. ఆటలో ధనము అడుగిడినపుడే అది ఆట కాకుండ పోవును.

ఇక మొదటి ప్రశ్న. ఆ 320 రూపాయలు హుండీలో వేయవచ్చునా? మన స్వామి కథయే సమాధానము చెప్పును. పద్మావతీ కల్యాణమునకు శ్రీనివాసునకు ధనము కావలసివచ్చెను. సర్వజ్ఞుడైన ఆయన పాచికలు వేసినచో ఓడింపగలవాడెవడు? అయినను ఆయన కుబేరుని యొద్ద అప్పు తీసికొనెను. పత్రము వ్రాసి ఇచ్చెను. నేటికిని వడ్డి కట్టుచున్నాడని మన విశ్వాసము. వడ్డికాసులవాడను పేరును ప్రేమతో భరించుచున్నాడు. తీర్చవలసిన దానిని తీర్చుట ఎంత గొప్పదో లోకమునకు చూపిన స్వామి ఆయన. అట్టి స్వామి హుండీలో, తీర్చవలసినవారికి తీర్చక తెచ్చిన సొమ్ము వేయుట తగునా? వేసినచో స్వామిని మన గెలుపులో వాటాదారుని చేసినట్లగును. మన మనస్సునకు మాత్రము మత్తుమందు ఇచ్చినట్లగును.

"ఆ ముగ్గురిలో ఎక్కువ పోగొట్టుకొనినది ఎవరు?" అని యడిగితిని. ఒకడు రెండు మారులే గెలిచి 240 పోగొట్టుకొనెనట, వేఱొకడు 80, మూడవవానికి లాభనష్టములు లేవు. 240 పోగొట్టుకొనినవాడు మొదట నవ్వుచునే ఇచ్చెడివాడనియు, పదియవ వారము తరువాత నవ్వుట మానెననియు అతడే చెప్పెను. ఇద్దఱము లేచి నారాయణగూడ వైపు నడచితిమి. దారిలో నేను చెప్పినది ఇంతే: "నాయనా, సొమ్ము స్వామికి కాదు, వారికి చేరవలెను. నిజము మీ నాయనకు చేరవలెను. అటుపిమ్మట హుండీ దగ్గరకు రమ్ము."

మూడు వారముల పిదప అతడు మరల కనబడెను. మిత్రులకు 240, 80 ఇచ్చివేసెనట. నలుగురి లెక్కయు మరల సున్నకు వచ్చినది. ఒకడు వలదనగా బలవంతముగ అతని పుస్తకములో పెట్టివచ్చెనట. తండ్రికి ఫోను చేసి చెప్పినపుడు ఆయన కొంతసేపు మాటలాడక, "చెప్పితివి కదా, చాలు" అనెనట. చిన్నపిల్లలకు లెక్కలు చెప్పి సంపాదించిన దానినుండి 11 రూపాయలు ఆనాడు హుండీలో వేసెను. ఈమారు చేయి వెనుకాడలేదు.

"ఆట చూచుట మానివేసితిరా?" అని యడిగితిని. "లేదండి, అపుడపుడు కొంతసేపు చూచుచున్నాము. ఇపుడు ఎవడు గుంటలో వేసినను నలుగురము చప్పట్లు కొట్టుచున్నాము" అనెను.

పరుల గెలుపునకు చప్పట్లు కొట్టగల హృదయము, సాక్షి లేనిచోటను సత్యము తప్పని నాలుక, ఈ రెండింటిని మించిన కానుక స్వామికి మనమేమి తేగలము? కలియుగ ప్రత్యక్షదైవమగు శ్రీ వేంకటేశ్వరుడు మన గృహములయందలి పెద్దలకు, పిన్నలకు అట్టి సద్బుద్ధిని ప్రసాదించుగాక!